గర్టీకి పూసిన రంగు

అమ్మకానికి ముందు కంపెనీకి విలువ కట్టే మనిషి సోమవారం వస్తున్నాడని తెలిసినప్పటి నుంచి హోల్‌స్టాడ్ పాల తొట్ల కంపెనీలో ఎవరికీ కాలు ఒకచోట నిలవలేదు. శనివారం సెలవు. అయినా ప్రెస్ షాపు వాళ్ళు, వెల్డింగ్ వాళ్ళు, లెక్కలు చూసే ఆడవాళ్ళు, అందరూ పొద్దున్నే దిగబడ్డారు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ కూలి అడగలేదు. నేల కడిగారు, కిటికీలు తుడిచారు, మసిబారిన గోడలకు తెల్లరంగు కొట్టారు. న్యూ ఆల్బర్గ్‌లో అది అలవాటు. బయటివాడు గేటు దాటి లోపలికి వస్తున్నాడంటే, వాడు తొట్లు కొనే డెయిరీ వాడైనా, బీమా వాడైనా, భద్రత చూడటానికి వచ్చిన సర్కారు వాడైనా, మన లోపం వాడి కంట పడకూడదు. కంపెనీ యజమాని ఎర్వ్ హోల్‌స్టాడ్ నలభై ఏళ్ళుగా వాళ్ళకు నేర్పింది అదే. వాళ్ళు కూడా బాగానే నేర్చుకున్నారు, అవసరానికి మించి నేర్చుకున్నారు.

మార్లిస్ కుబ్యాక్ వంతుకు గర్టీ వచ్చింది. గర్టీ అంటే మనిషి కాదు. షాపు మధ్యలో రెండంతస్తుల ఎత్తున నిలబడ్డ ప్రెస్సు. స్టీలు పలకను పెట్టి ఒక్కసారి నొక్కితే గిన్నెలా వంగి బయటికొస్తుంది. పాల తొట్టికి రెండు కొసల్లో బిగించే ఆ వంపు పలకల్ని వాళ్ళు టోపీలంటారు. ఆ జిల్లాలో పాడి ఉన్న ప్రతి ఊళ్ళోనూ గర్టీ నొక్కిన టోపీ ఒకటైనా ఉంటుంది. గర్టీ ఆగితే కంపెనీ ఆగినట్టే.

మార్లిస్ పంతొమ్మిదో ఏట ఈ షాపులో చేరింది. ఇప్పుడు యాభై నాలుగు, ప్రెస్ షాపుకు పెద్ద దిక్కు. రెండు చలికాలాల కిందట ఎర్వ్ గుండె ఆపరేషన్ చేయించుకుని ఆస్పత్రిలో ఉన్నప్పుడు, గర్టీ ఎడమ స్తంభం మీద ఆమెకు ఒక బీట కనిపించింది. వెంట్రుక మందం, జానెడు పొడవు. చెబితే పెద్దాయన ప్రెస్సు ఆపేస్తాడు. కొత్తది కొనే స్తోమత లేదు. నడి చలికాలంలో సగం మంది ఇంట్లో కూర్చోవాలి. అందుకని ఆమె, వెల్డర్ డ్యువేన్ ఇద్దరూ ఒక ఆదివారం వచ్చి బీట కొసల్లో చిల్లులు వేసి, అతికి, వెనక మందపాటి ఇనుప పట్టీ బిగించారు. ఆ రోజు నుంచి మార్లిస్ గర్టీని పూర్తి బలంతో నొక్కనివ్వలేదు. మందం పలకలు వస్తే ఏదో ఒక సాకు చెప్పి వేరే ఊరి షాపుకు పంపించేది. సంగతి ఇద్దరికే తెలుసు.

ఇప్పుడా అతుకు మీద లప్పం పెట్టి, ఎండాక గరుకు కాగితంతో రుద్ది, ఆకుపచ్చ రంగు రెండు పూతలు పూసింది. దూరం నుంచి చూస్తేనే కాదు, ముక్కు ఆనించి చూసినా తెలియదు.

"పెళ్ళికూతురిలా ఉందే," అన్నాడు డ్యువేన్ మెచ్చుకోలుగా.

"నోరు మూసుకుని ఆ బకెట్ ఇటివ్వు," అంది మార్లిస్. కానీ ఆమెకూ లోపల గర్వంగానే ఉంది.

సోమవారం వచ్చిన మనిషి మర్యాదస్తుడు. మెడలో ఒక కళ్ళజోడు, ముక్కు మీద ఒక కళ్ళజోడు. ఎర్వ్ ఆయన్ని దగ్గరుండి తిప్పాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఆ రోజు టోపీ కాస్త పక్కకు పెట్టుకుని కుర్రాడిలా నడిచాడు. గర్టీ దగ్గర ఆగారు.

"ఈ ప్రెస్సు ఎలా ఉంది?" అని అడిగాడు ఆయన మార్లిస్‌ని.

ఆమె ఆలోచించలేదు. ఆలోచిస్తే వేరే మాట వచ్చేదేమో. ముప్పై అయిదేళ్ళ అలవాటు నాలుక మీద కూర్చుని ఉంది. "పాతదే. కానీ రాయి," అంది.

"ఇంకెన్నాళ్ళు పనిచేస్తుందంటారు?"

"మీ సమాధి మీదా నా సమాధి మీదా పూలగుత్తులు పెట్టి గాని ఇది పోదు."

ఆయన నవ్వి రాసుకున్నాడు. ఎర్వ్ ఆమె భుజం తట్టాడు. మార్లిస్‌కు కడుపు నిండినట్టయింది.

ఇంత తెలివైన మనుషులు ఇంత తెలివితక్కువ పని ఎలా చేశారా అని మీకు అనిపిస్తుంది. చేస్తారు. అలవాటు చెయ్యిపట్టుకుని నడిపిస్తుంటే తెలివి వెనకాల నింపాదిగా వస్తుంది. మార్లిస్‌కు అది వచ్చింది బుధవారం నాడు, క్యాంటీన్‌లో.

ఆ రోజు మిల్వాకీ నుంచి కార్లా వెస్టర్‌గార్డ్ అనే ఆవిడ వచ్చింది. పొడుగ్గా, మంచు బూట్లతో, ఏ మాటా దాచని మనిషి. ఉద్యోగుల పేర ఏర్పాటవుతున్న ట్రస్టుకు ఆవిడే ట్రస్టీ. అప్పటిదాకా వాళ్ళు గాలివార్తగా విన్న సంగతిని అందరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"ఎర్వ్ గారు కంపెనీ అమ్ముతున్నారు. మీ తరఫున ట్రస్టు కొంటుంది. ట్రస్టు దగ్గర డబ్బు లేదు కాబట్టి బ్యాంకు దగ్గర అప్పు తీసుకుంటుంది. ఆ అప్పుతో ఎర్వ్ గారి షేర్లన్నీ కొని ఒక పెట్టెలో పెట్టి తాళం వేసిందనుకోండి. ఏటా కంపెనీ తన సంపాదనలోంచి ట్రస్టుకు ఇస్తుంది, ట్రస్టు బ్యాంకుకు కడుతుంది. అప్పు తీరేకొద్దీ పెట్టెలోంచి షేర్లు బయటికి వచ్చి మీ మీ ఖాతాల్లో పడతాయి. మీరు రిటైరైనప్పుడు కంపెనీ వాటిని తిరిగి కొని మీకు డబ్బిస్తుంది."

"అంటే నా జేబులోంచి సెంటు కూడా పోదంటారు?" అన్నాడు డ్యువేన్.

"పోదు."

"పోకుండానే నాకు వస్తుందంటారు?"

"కంపెనీ బాగుంటే, వస్తుంది."

"అమ్మా, మీకు పుణ్యముంటుంది, ఈ మాట నా మాజీ పెళ్ళానికి మాత్రం తెలియనివ్వకండి."

క్యాంటీన్ అంతా గొల్లుమంది. మార్లిస్ కూడా నవ్వుతూనే అడిగింది. "మరి కంపెనీ సంపాదించకపోతే?"

కార్లా నవ్వలేదు. "అప్పు మాత్రం ఆగదండి. అందుకే ధర సరిగ్గా ఉండాలి. మీ పాత ప్రెస్సు గట్టిదని, ఇంకో ఇరవై ఏళ్ళకు ఢోకా లేదని నా మనిషి రాసుకొచ్చాడు. దాన్ని పట్టే ధర కట్టాం. నేను కొనేది మీ కోసం. ఎక్కువ పెట్టి కొన్నానంటే ఆ బరువు ఎర్వ్ గారు మోయరు. మీరే మోస్తారు."

మార్లిస్ నోట్లో కాఫీ ఉంది. మింగడానికి కాస్త సమయం పట్టింది. కొనేది మనమే. ఆ మాట చుట్టూ ఉన్నవాళ్ళందరికీ మామూలుగానే వినిపించినట్టుంది, ఎవరూ కదల్లేదు. ఆమెకు మాత్రం వీపు మీద ఎవరో మంచు గడ్డ వేసినట్టయింది. సంతకు ఆవును కొనడానికి వెళ్ళి, కుంటి కాలికి తనే గుడ్డ చుట్టి, ఒళ్ళు తనే తోమి, ఎంత బాగుందో చూడండని పదిమందినీ పిలిచి ధర పెంచుకున్న మనిషిని ఎవరైనా చూశారా? ఆమె చూసింది. ఆకుపచ్చ రంగు ఇంకా గోళ్ళ సందున ఉంది.

బయట సిగరెట్లు కాల్చుకునే రేకుల పందిరి కింద డ్యువేన్‌ని పట్టుకుంది.

"చెప్పేయాలి," అంది.

"ఏం చెప్పాలి?"

"ఏం చెప్పాలో నీకు తెలుసు."

డ్యువేన్ అటూ ఇటూ చూశాడు. "నీకు మతి పోయిందా? బీట ఉందంటే ధర దిగుతుంది. దిగితే పెద్దాయన ఊరుకున్నా ఆయన కొడుకులు ఊరుకుంటారా? షికాగో కంపెనీ వాళ్ళు మనకంటే ఎక్కువిస్తామని వాకిట్లోనే కూర్చున్నారు. వాళ్ళకు కావాల్సింది పేరు, గిరాకీ. ఆ పక్క రాష్ట్రం వాళ్ళు సరిగ్గా కారు నడపడం కూడా చేతకానోళ్ళు, వాళ్ళొచ్చి తొట్లు చేస్తారా? గేటుకు తాళం వేసి పోతారు."

"చెప్పకపోతే ఏమవుతుంది? నిండా ధర పెట్టి కొంటాం. రెండేళ్ళకో మూడేళ్ళకో గర్టీ విరుగుతుంది. అప్పుడు బ్యాంకు అప్పూ మనదే, కొత్త ప్రెస్సు అప్పూ మనదే. అప్పుడెవరేస్తారు తాళం? మనమే వేసుకుంటాం."

"లప్పం పెట్టింది నువ్వే కదా!"

"పెళ్ళికూతురిలా ఉందన్నది నువ్వే కదా!"

ఇద్దరూ కాసేపు ఒకరినొకరు కోపంగా చూసుకున్నారు. తర్వాత డ్యువేన్ సిగరెట్ నలిపేశాడు. "పెద్దాయనకే ముందు చెప్పు. ఆయన ఏం చేస్తాడో ఆయన ఇష్టం. నేను మాత్రం నీ పక్కన నిలబడను, ముందే చెబుతున్నా. నాకింకా కారు అప్పు ఉంది."

ఇక అక్కడి నుంచి మార్లిస్‌కు స్థిమితం లేదు. గర్టీ ఒక్కో టోపీ నొక్కినప్పుడల్లా ఆమె గుండె ఒక్కసారి కిందికి జారి మళ్ళీ పైకి వచ్చేది. వినపడని చప్పుడేదో వినపడుతున్నట్టు చెవులు రిక్కించేది. ఎవరైనా స్తంభం వైపు వెళితే తనూ వెళ్ళేది. ఇంట్లో కడిగిన పళ్ళేలే మళ్ళీ కడిగింది. "ఏమైందే నీకు? కుక్క కూడా నీ వెనకాల తిరిగి తిరిగి అలిసిపోయి పడుకుంది," అన్నాడు మొగుడు లెన్. ఏమీ లేదంది. ఏమీ లేదని చెప్పడం కూడా అలవాటే కదా.

సంతకాలు వచ్చే శుక్రవారం. ఆ మరునాడు జింకల వేట మొదలవుతుంది. వేట వారం వచ్చిందంటే న్యూ ఆల్బర్గ్‌లో పెళ్ళీ జరగదు, చావూ జరగదు, అందుకని ఆ లోపే అన్నీ ముగించాలని పెట్టుకున్నారు.

ఈ శుక్రవారం మటుకు ఎప్పటిలాగే చేపల విందే. ఊరంతా సరస్సు ఒడ్డున ఉన్న భోజనశాలకు చేరింది. వేయించిన చేప, బంగాళాదుంప అట్లు, రై రొట్టె. ఎర్వ్ ఎప్పుడూ కూర్చునే మూల బల్ల దగ్గర బ్రాందీ గ్లాసు ముందు పెట్టుకుని ఒంటరిగా కనిపించాడు. భార్య పోయిన తర్వాత ఆ ఎదుటి కుర్చీ ఎవరు వస్తే వాళ్ళది. మార్లిస్ వెళ్ళి కూర్చుంది.

"రా పిల్లా," అన్నాడు. ఆమె మనవరాళ్ళను ఎత్తినా ఆయనకు ఇంకా పిల్లే. "ఏం తాగుతావు?"

"ఏమీ వద్దు. ఎర్వ్, మీతో గర్టీ గురించి ఒక మాట..."

"చేపల ముందు పని మాటలా? మీ అమ్మ వింటే చెవి మెలేస్తుంది."

"ముఖ్యమైన సంగతి."

"నాకూ ముఖ్యమైన సంగతే ఉంది. విను." ఆయన బల్ల మీదికి వంగాడు. "మా వాళ్ళిద్దరూ అరిజోనా నుంచి రోజూ ఫోన్. నాన్నా, షికాగో వాళ్ళకు ఇచ్చెయ్, నాన్నా, షికాగో వాళ్ళకు ఇచ్చెయ్. నేనేమన్నానో తెలుసా? ఆ గోడ మీద మా నాన్న రాయించిన పేరు అక్కడే ఉండాలి, ఆ పేరు కింద మా వాళ్ళే పని చెయ్యాలి అన్నాను. ధర మరీ తీసికట్టుగా లేకపోతే వీళ్ళకే ఇస్తానన్నాను. ధర బాగానే వచ్చింది. రాయి అన్నావు చూడు, ఆ ఒక్క మాటతో నిలబడిందట. ఆ రెండు కళ్ళజోళ్ళాయన నాతో చెప్పాడు."

ఆ మాట అని ఆయన గ్లాసులో చెర్రీ పండును పుల్లతో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. మార్లిస్ వైపు చూడలేదు. మార్లిస్ కూడా ఆయన వైపు చూడలేకపోయింది. చేప వచ్చింది. తిన్నది చేపో గడ్డో తెలియకుండా తిని లేచింది. మనిషి ఎదురుగా కూర్చుని, ముసలాయన ముఖంలో అంత వెలుగు చూసి, దాని మీద నీళ్ళు పోయడం ఎవరి తరం?

మరుసటి గురువారం, సంతకాలకు ముందు రోజు, బ్యాంకు మనిషి వచ్చాడు. అప్పు ఇచ్చే ముందు ఒకసారి కళ్ళారా చూసుకుంటానన్నాడట. ఎర్రటి బుగ్గలు, గట్టి నవ్వు. కార్లా ఆయనతో ఉంది. ఎర్వ్ ముందు నడిచాడు, కానీ సోమవారం నాటి నడక కాదు, కాళ్ళు ఈడుస్తున్నట్టు నడిచాడు. దారిలో కార్లా అంటున్న మాట మార్లిస్ చెవిన పడింది. "రేపు ముందుగా మీ హామీ పత్రం మీద సంతకం తీసుకుంటాం, ఎర్వ్ గారూ. మీకు తెలిసిన లోపం ఏదీ దాచలేదని." ఎర్వ్ తల ఊపాడు.

మార్లిస్ పొద్దుటి నుంచీ పని కోటు జేబులో ఉలి పెట్టుకుని తిరుగుతోంది. ఎందుకు పెట్టుకుందో తనను తాను అడగలేదు.

బ్యాంకు మనిషి గర్టీ ఎడమ స్తంభాన్ని గుర్రం మెడ నిమిరినట్టు నిమిరాడు. "ఇదేనా ఆ రాయి?"

ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. ఊరుకుంటే వాళ్ళు ముందుకు వెళ్ళిపోతారు. ఆయన చెయ్యి సరిగ్గా బీట మీదే ఉంది.

"కొంచెం జరగండి," అంది మార్లిస్.

ఉలి తీసి గీకింది. ఆకుపచ్చ పెచ్చు లేచింది, దాని కింద బూడిద రంగు లప్పం పొడి పొడిగా రాలింది. ఇంకా గీకింది. అతుకు బయటపడింది, అతుకు కొసన చిల్లు బయటపడింది. షాపులో ఒక్కో యంత్రమూ ఆగిపోయింది, ఎవరూ ఆపమనకుండానే.

"ఇది బీట," అంది కార్లాతో. "రెండేళ్ళ కిందట చూశాను. అతికి, వెనక పట్టీ వేశాం. ఎర్వ్‌కి చెప్పలేదు. మీ మనిషి అడిగితే రాయి అని అబద్ధం చెప్పాను. దీన్ని పూర్తి బలంతో నొక్కి రెండేళ్ళయింది. ఎన్నాళ్ళు ఆగుతుందో నాకు తెలియదు."

"అతికింది నేను," అన్నాడు వెనక నుంచి డ్యువేన్. పక్కన నిలబడనన్న మనిషి, మూతి ముడుచుకుని వచ్చి నిలబడ్డాడు. "అతుకు మాత్రం మంచిదే. అది రాసుకోండి."

కార్లా బీట మీద వేలు పెట్టి చూసింది. బ్యాంకు మనిషి బుగ్గలు ఇంకా ఎర్రబడ్డాయి. ఎర్వ్ ఆ బీటను చూశాడు, మార్లిస్‌ను చూశాడు, టోపీ సరిచేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఇక చూడండి ఆ షాపు. పని చేసేవాడు లేడు, మాట్లాడేవాడు లేడు, ప్రతివాడూ ఏదో వంకతో కిటికీ దాకా వెళ్ళి రావడమే. పెద్దాయన లారీ లాంటి పాత పికప్పు అక్కడే ఉంది. ఇంజను ఆన్‌లో ఉంది, పొగ వస్తోంది. బండి మాత్రం కదలదు.

"షికాగోకి ఫోన్ చేస్తున్నాడు," అన్నాడొకడు.

"కొడుకులకు చేస్తున్నాడు."

"గుండె పట్టుకుని పడిపోయాడేమో చూడండ్రా ఎవరైనా," అన్నాడు డ్యువేన్. కానీ ఎవరూ కదల్లేదు. అందరి చూపూ మార్లిస్ మీదే. ఆ చూపుల్లో ఏముందో ఆమెకు చదవాలనిపించలేదు. కోటు వేసుకుని బయటికి నడిచింది.

బండి తలుపు తీసింది. సీటు మీద నారింజ రంగు వేట కోటు ఉంది. ఎర్వ్ దాన్ని పక్కకు లాగాడు. "ఎక్కు. తలుపేసుకో, వేడి పోతోంది."

ఎక్కి కూర్చుంది. అద్దం మీద సన్నటి మంచు పడుతోంది.

"రెండేళ్ళా?" అన్నాడు.

"మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు."

"నాకు చెప్పకూడదూ?"

"చెబితే గర్టీని ఆపేసేవారు."

"ఆపేవాణ్ణి కాదు."

"ఎందుకు ఆపరు? మీ సంగతి నాకు తెలీదా?"

"నేను ఆరేళ్ళ కిందటే ఆపలేదు కదా, పిల్లా."

ఆమెకు అది అర్థం కావడానికి కాస్త పట్టింది. ఎర్వ్ అద్దం వైపే చూస్తూ చెప్పాడు. "నువ్వు చూసింది పై కొస. మొదలైంది కింద, దిమ్మ దగ్గర. ఒక ఆదివారం మీరంతా టీవీలో ఆట చూస్తుంటే నేనే వచ్చి లప్పం పెట్టాను. అది పైకి పాకుతుందనుకోలేదు. నేనున్నన్నాళ్ళు ఆగితే చాలనుకున్నాను."

మార్లిస్‌కు ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపం వచ్చింది, కోపమే గెలిచింది. "నేను ఆయనతో అబద్ధం చెబుతుంటే పక్కన నిలబడి భుజం తట్టారే!"

"తట్టాను."

"ఎలా తట్టారు? ఏ చేత్తో తట్టారు?"

"అమ్మేవాణ్ణి కాబట్టి తట్టాను. కొనేది నువ్వేనని నీకే గుర్తు లేకపోతే, నేనెందుకు గుర్తు చెయ్యాలి?"

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. ముప్పై అయిదేళ్ళు ఈయన ముందు తల వంచుకుని పని చేసింది, ఈయన పరువు తన పరువనుకుంది, ఈయన గుండె ఆగిపోతుందేమోనని రెండేళ్ళు నోరు కట్టుకుంది. ఆయన మాత్రం బేరం బల్లకు అవతలి పక్కన కూర్చుని ఉన్నాడు, ఎప్పటినుంచో.

"మీ లోపాలన్నీ కప్పుకుంటూ వచ్చాను నేను," అంది. 

"నావి కాబట్టి కప్పావు," అన్నాడు ఎర్వ్.  "షికాగో వాళ్ళు రెండుసార్లు వచ్చారు. గర్టీ వైపు కన్నెత్తి కూడా చూళ్ళేదు. అడగనే లేదు. తుక్కు కింద అమ్ముకునేవాడికి బీట ఉంటేనేం, లేకపోతేనేం? అందుకే వాళ్ళ ధర ఎక్కువ. ఇప్పుడిక్కడ కూర్చుని అదే ఆలోచిస్తున్నాను. గర్టీని గీకి చూసింది నువ్వొక్కదానివే."

"వాళ్ళకే ఇచ్చేస్తారా?"

ఆయన చెయ్యి చాచి ఇంజను ఆపాడు. వేడి గాలి ఆగిపోయింది, ఇద్దరి ఊపిరీ పొగలా కనిపించడం మొదలైంది.

"రేపు ఆ హామీ కాగితం మీద సంతకం పెట్టాలని తెలిసిన దగ్గర్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు," అన్నాడు.

"నాకూ లేదు."

"నీకుండదులే." మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "ఆ ఉలి నీ దగ్గరే ఉందా?"

ఇద్దరూ కలిసి లోపలికి వస్తుంటే కిటికీల దగ్గరున్న వాళ్ళంతా ఒక్కసారిగా పనిలో పడ్డట్టు నటించారు. ఎర్వ్ ఎవరినీ చూడకుండా నేరుగా గర్టీ దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి డ్యువేన్ చేతిలో పెట్టి, స్తంభం వెనకున్న ఇనుప పట్టీ పట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్తంభం అడుగున, రంగు మీద రంగు పేరుకుపోయిన చోట గీకడం మొదలుపెట్టాడు. ముసలి చెయ్యి, ఉలి జారుతోంది. మార్లిస్ పక్కన కూర్చుని ఆయన ముంజేయి కింద తన చెయ్యి ఆనించింది. పాత లప్పం గట్టిపడి రాయిలా ఉంది, ముక్కలు ముక్కలుగా ఊడింది. బీట కింద దిమ్మ దాకా ఉంది.

"ఇది ఆమెకు తెలియదు," అన్నాడు ఎర్వ్ కార్లాతో, లేవకుండానే. "ఇది నాది. రేపటి కాగితాలు చింపెయ్యండి. మీ కళ్ళజోళ్ళాయన్ని మళ్ళీ పిలవండి. ఈసారి ఆయనకు దీపం నేను పట్టుకుంటాను. ఎంత దిగితే అంతకే, వీళ్ళకే ఇస్తాను."

"చాలా దిగొచ్చు, ఎర్వ్ గారూ," అంది కార్లా.

"దిగనీ. కొత్త ప్రెస్సు వెల ఎంతో నాకు తెలుసు. ఆరేళ్ళుగా ప్రతి ఏడూ అడుగుతూనే ఉన్నాను."

"అప్పు కూడా తగ్గుతుంది మరి," అన్నాడు బ్యాంకు మనిషి నెమ్మదిగా, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. ఆయన ముఖంలో దిగులేమీ కనిపించలేదు.

షాపులో ఎవరో ఊపిరి గట్టిగా వదిలారు. ఎవరో నవ్వారు. మార్లిస్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఆ బీట పొడవునా కళ్ళతో కొలుచుకుంటూ ఉంది. ఇన్నాళ్ళూ దీని మీద తను నిలబడింది, ఇంతమందిని నిలబెట్టింది. ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయో?

"ఎర్వ్," అంది. "ఇంకేమున్నాయి?"

ఇన్నేళ్ళలో ఆయన్ను ఆమె ఎన్నో అడిగింది. సెలవడిగింది, జీతం పెంచమంది, పలకలు ఎప్పుడొస్తాయని అడిగింది. ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. ఎర్వ్ నేల మీదే కూర్చుని ఆమె ముఖంలోకి చూశాడు. దాటేస్తాడనుకుంది.

"బాయిలరు," అన్నాడు.

"బాయిలరుకేమైంది?"

"పద, చూపిస్తాను. ఆ తర్వాత పైకప్పు. తర్వాత ఉత్తరం వైపు పునాది, అక్కడ నీరు ఊరుతుంది. తర్వాత ఆ మూల కరెంటు తీగలు. అవి నువ్వు చూడకపోతేనే మంచిది, కానీ చూడు."

"అయ్యబాబోయ్, పెద్దాయనా! గోడలన్నా నిజమైనవేనా, అవీ లప్పమేనా?" అన్నాడు డ్యువేన్, ఆయన టోపీ రెండు చేతులా పట్టుకుని.

"తూర్పు గోడ నిజమే," అన్నాడు ఎర్వ్ సీరియస్‌గా.

మార్లిస్ చెయ్యి ఇచ్చి ఆయన్ని లేపింది. ఆయన ముందు, ఆమె పక్కన, వెనక కార్లా, కలం జేబులో పెట్టుకుని మళ్ళీ తీసిన బ్యాంకు మనిషి, ఆ వెనక చేతులు తుడుచుకుంటూ షాపు వాళ్ళంతా. ఆయన ఒక్కో చోట ఆగి చూపిస్తున్నాడు, ఒక్కో చోట అబద్ధం ఏ ఏట మొదలైందో చెబుతున్నాడు. చెప్పేకొద్దీ నడుము నిటారైంది. భుజాల మీది మూట ఒక్కొక్కటే దించి పక్కనున్న మనిషికి అందిస్తున్నట్టు నడిచాడు. మార్లిస్ భుజాలు వంగుతున్నాయని ఆమెకే తెలుస్తోంది, అయినా ఒక్కటీ వద్దనలేదు.

బాయిలరు గదిలో ఆయన గొట్టం మీద రెంచితో మెల్లగా కొట్టాడు. లోపలి నుంచి దగ్గులాంటి చప్పుడు వచ్చింది.

"విన్నావా? చలి బాగా ముదిరినప్పుడు ఈ చప్పుడు వస్తుంది. వచ్చిందంటే నేను పడుకోను. ఇంట్లోంచి లేచి వచ్చి ఇక్కడే కూర్చుంటాను, అది తగ్గేదాకా." రెంచి ఆమె చేతిలో పెట్టాడు. "ఈ చలికాలం ఇక నేను రాను, పిల్లా."

మార్లిస్ రెంచితో గొట్టం మీద తనే ఒకసారి కొట్టి, చెవి ఆనించి వింది.